గంటంపావు ఫ్లైటే కదా అనుకున్నా!

ఉదయం పదిన్నరకి వైజాగ్‌లో అమ్మమ్మకి ఆపరేషన్. థియేటర్‌లోకి తీసుకెళ్లేలోపు ఒక్కసారి కనిపించాలని నా ఆరాటం. హైదరాబాద్ నుంచి ఎనిమిదిన్నర ఫ్లైట్ బుక్ చేశా. 9.45కి దిగుతాం, అరగంటలో హాస్పిటల్... లెక్క భలే కుదిరిందనుకున్నా.

ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 600 దాటుతుంది. జెట్ విమానం పైకి చేరాక గంటకు దాదాపు 800 కిలోమీటర్లు పోతుంది. అంటే 40 నిమిషాలు చాలాలి కదా? మరి టికెట్ మీద గంటంపావు ఎందుకు? అది ‘బ్లాక్ టైమ్’. ఇక్కడ విమానం కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే కోసం క్యూ, పైకెక్కడం, నెమ్మదిగా దిగడం అన్నీ అందులోనే. శంషాబాద్ దాకా క్యాబ్, సెక్యూరిటీ లైన్, బ్యాగ్ కోసం బెల్టు దగ్గర పడిగాపులు మాత్రం అందులో ఉండవు.

ఆ రోజు కూకట్‌పల్లిలో 5.15కి బయల్దేరా. హాస్పిటల్ మెట్లెక్కేసరికి 10.45. మొత్తం ఐదున్నర గంటలు! అమ్మమ్మని అప్పటికే లోపలికి తీసుకెళ్లిపోయారు. బయట బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తూ గడిపా.

సాయంత్రం కళ్లు తెరిచి మెల్లగా అడిగింది... ‘‘విమానమెక్కి కూడా లేటేనా నాన్నా?’’

ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుంటే తెల్లారేసరికి తన పక్కనే ఉండేవాణ్ని. అందుకే ఇప్పుడు యాప్‌లో ఎంత టైమ్ కనిపించినా, ఇంకో నాలుగు గంటలు కలుపుకుంటున్నా. మీరూ కలుపుకోండి.