రోబో చూసేది పాత బంతిని

రోబోల ఫుట్‌బాల్ వీడియో వేస్తే పిల్లలంతా ఒకే చోట నవ్వుతారు. బంతి మీదికి దూసుకొచ్చిన రోబో దాన్ని దాటిపోతుంది, గిర్రున తిరిగొచ్చి మళ్లీ దాటిపోతుంది. "సార్, దానికి కళ్లు కనపడవా?" అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. బంతి కనపడుతుంది. కాకపోతే అది ఇప్పటి బంతి కాదు, కాస్త పాత బంతి.

రోబోల ఫుట్‌బాల్ పోటీ రోబోకప్‌లోని స్మాల్ సైజ్ లీగ్‌లో ఒక్కో రోబో 18 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు. బంతి నారింజ రంగు గోల్ఫ్ బంతి. చూపంతా మైదానం మీద వేలాడే కెమెరాది. రోబోల నెత్తిన అంటించిన రంగు చుక్కలను బట్టి ఎవరెక్కడున్నారో, ఎటు తిరిగి ఉన్నారో పక్కనున్న కంప్యూటర్ పోల్చుకుంటుంది, ఎత్తుగడ ఆలోచిస్తుంది, వైర్‌లెస్‌లో ఆజ్ఞ పంపుతుంది. అప్పుడు గానీ మోటారు కదలదు.

బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ జట్టు ఎఫ్‌యూ-ఫైటర్స్ తమ రోబోల్లో చూపు నుంచి కదలిక దాకా పట్టే ఈ ఆలస్యాన్ని కొలిస్తే సుమారు నాలుగు కెమెరా ఫ్రేములని తేలింది. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన అది 133 మిల్లీసెకన్లు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే రోబో ఆలోగా 27 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతుంది. అంటే తన ఒళ్లు పట్టే చోటు కన్నా ఎక్కువ!

గీజర్ కుళాయి తిప్పి, వేడి నీళ్లు రాలేదని ఇంకా తిప్పి, చెయ్యి కాల్చుకుని, మళ్లీ వెనక్కి తిప్పే మనిషి అవస్థే ఈ రోబోదీ. ఫలితం కనపడకముందే ఆజ్ఞ మీద ఆజ్ఞ పడుతుంది. వేగం తగ్గిస్తే ఊగులాట ఆగుతుంది, కానీ ఈలోగా అవతలివాళ్లు గోల్ కొడతారు.

ఆలస్యాన్ని కొలవడం తేలికే. రోబోను ముందుకీ వెనక్కీ ఊయలలా నడిపించాలి. పంపిన ఆజ్ఞల గీతనూ కెమెరాకు కనిపించిన కదలికల గీతనూ ఒకే గ్రాఫ్ మీద గీయాలి. రెండింటికీ ఒకటే ఆకారం ఉంటుంది, రెండోది మాత్రం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఆ జరిగినంతా ఆలస్యమే.

బెర్లిన్ వాళ్లు ఆ ఆలస్యాన్ని తీసేయలేదు, దాని మీదుగా దూకారు. రోబో గత కొన్ని ఫ్రేముల్లో ఎక్కడుందో తెలుసు. ఆపైన ఏ ఆజ్ఞలు పంపారో కూడా తెలుసు. వాటి ఫలితం కెమెరాకు ఇంకా కనపడకపోయినా, జరగబోయేది వాటిలోనే ఉంది. ఈ రెండూ, ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చి, నాలుగు ఫ్రేముల తర్వాత రోబో ఎక్కడుంటుందో చెప్పమన్నారు. పాఠాలకు వేరే పుస్తకం అక్కర్లేదు. రోబోను మైదానంలో తిప్పి రికార్డు చేసుకుంటే చాలు, కాసేపటికి సరైన జవాబు కెమెరాయే చూపిస్తుంది. చక్రం మార్చినా బరువు పెరిగినా సూత్రాలు తిరగరాయనక్కర్లేదు, మళ్లీ నేర్పిస్తే సరి.

ఈ అంచనాల అసలు లాభం పోటీ ముగిశాక, రికార్డు తిరగేసేటప్పుడు కనపడుతుంది. అంచనాకూ జరిగినదానికీ తేడా అన్ని రోబోల్లో పెరిగితే కెమెరానో కంప్యూటర్‌నో అనుమానించాలి. ఒక్కదానిలోనే పెరిగితే దాని చక్రం జారుతోందో, మోటారు నీరసించిందో చూడాలి. రెండు రోబోలు ఢీకొన్నప్పుడు మాత్రం ఏ అంచనా నిలవదు. ఆ ఫ్రేముల్ని పక్కన పెట్టాకే ఎవరి తప్పెంతో తేలుతుంది.

బెర్లిన్ జట్టు ఆడిన రోజుల్లో దానికి కొరకరాని కొయ్య అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ జట్టు బిగ్ రెడ్. 1999, 2000, 2002, 2003 కప్పులు వాళ్లవే. మొదటి రెండుసార్లూ రెండో స్థానం బెర్లిన్‌దే. తిరిగే రబ్బరు రోలర్‌తో బంతికి వెనక్కి స్పిన్ ఇచ్చి, దాన్ని మూతికి అతుక్కున్నట్టు లాక్కుపోవడం కార్నెల్ చేసి చూపిన విద్యల్లో ఒకటి. 2004, 2005లలో కప్పు బెర్లిన్‌కు దక్కింది.

2010 నుంచి జట్లన్నీ ఒకే ఉమ్మడి కెమెరా వ్యవస్థ వాడుతున్నాయి. కార్నెల్ జట్టును నడిపిన రఫాయెల్లో డాండ్రియా గోదాముల్లో అరలు మోసే రోబోల కంపెనీ కివా స్థాపకుల్లో ఒకరయ్యాడు, 2012లో దాన్ని అమెజాన్ కొనేసింది. బెర్లిన్ జట్టుకు పెద్దదిక్కైన రౌల్ రోహాస్ డ్రైవర్ లేని కార్ల వైపు వెళ్లాడు.

ఓడిన జట్లు ముందుగా అడిగేది పెద్ద మోటార్లు. కానీ ఆలస్యం అలాగే ఉంచి వేగం రెట్టింపు చేస్తే, బంతిని దాటిపోయే దూరం కూడా రెట్టింపవుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టేముందు రికార్డు తెరిచి చూడాలి.