విశాఖపట్టణమున స్వయంపాకపు విడిది

పరస్థలమున కొన్నాళ్ళు నిలువవలసి వచ్చినవారికి మూడు వసతులు ముఖ్యములు: తలదాచుకొన చోటు, త్రాగుటకు మంచినీరు, ఒంటికి సరిపడు తిండి. మొదటి రెండింటిని పూర్వము సత్రములు సమకూర్చినవి. నేడు లాడ్జీలు సమకూర్చుచున్నవి. మూడవదే చిక్కు. హోటలు భోజనము ఒకటి రెండు పూటలు రుచించును. పదియవ పూట నాటికి మనసు ఇంటి చారన్నముపైకి పోవును. పసిపిల్లలు, వృద్ధులు, పథ్యము పాటించు రోగులు వెంట నున్నచో ఇది ఆరోగ్యమునకే సంబంధించిన విషయమగును.

వంటగదితో కూడిన ఇంటిని రోజుల లెక్కన, వారముల లెక్కన అద్దెకిచ్చు పద్ధతి ఈ అవసరమునుండియే పెరిగినది. దీనిని సర్వీసు అపార్టుమెంటు అని కొందరును, హోమ్‌స్టే అని కొందరును వ్యవహరించుచున్నారు. పేరు కొత్తదే గాని పని పాతది. మన పెద్దలు దీనినే స్వయంపాకము అనిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. దిగిన ఊరిలో వసతి ఎట్టిది, అంగళ్ళు కలవా, నీరు మంచిదా అను సంగతులను వారు శ్రద్ధగా గుర్తించుచు పోయిరి. నేటి ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్నలును అవియే. 2008లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పుట్టిన ఎయిర్‌బీఎన్‌బీ వంటి సంస్థలు ఇంటి యజమానిని, బాటసారిని ఫోను ద్వారా కలిపినవి. ఇందులో కొత్తదనము అంతవరకే.

విశాఖకు ఇట్టి విడిదుల అవసరము ఎందుకు కలిగినదో చూతము. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో వెలసినది. ఓడరేవు 1933లో ప్రారంభమైనది. నౌకా నిర్మాణ కేంద్రమునకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1966 నాటి ఉద్యమ ఫలముగా లభించిన ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరుగగా, 1992లో అది జాతికి అంకితమైనది. ఈ సంస్థలన్నియు మనుష్యులను రప్పించునవే. ఓడ కొరకు ఎదురుచూచు నావికుడు, యంత్రము బిగించుటకు నెల దినములకు వచ్చిన ఇంజనీరు, పిల్లవానిని కాలేజీలో చేర్పింప వచ్చిన తలిదండ్రులు, విదేశమునుండి సెలవులకు వచ్చిన కుటుంబము, వీరందరికిని ఒకటి రెండు రాత్రులకు మించిన బస కావలెను.

వీరికంటెను ఎక్కువ అవసరము గలవారు రోగుల బంధువులు. మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రికిని, హనుమంతవాక వైపుననున్న విమ్స్‌కును, అచటనే యున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాలకును, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికిని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండియే గాక ఒడిషానుండి కూడ జనులు వత్తురు. చికిత్స వారముల తరబడి సాగును. రోగికి జావ కాచి పట్టుకొనిపోవుటకు ఒక పొయ్యి, తడిబట్టలు ఆరవేయుటకు ఒక దండెము, రాత్రి మేల్కొన్నవారు పగలు నడుము వాల్చుటకు ఒక గది ఉన్నచో ఆ కుటుంబమునకు సగము బరువు దిగినట్లే.

ఇక ఇల్లు ఎచ్చట తీసికొనవలెను? విశాఖ పొడుగాటి ఊరు. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క కొండలు. నడుమ ఇమిడిన ఊరు ఒక దిక్కున భీమునిపట్టణము వరకును, మరియొక దిక్కున గాజువాక, కూర్మన్నపాలెముల మీదుగా ఉక్కునగరము వరకును సాగినది. అగనంపూడి ఆసుపత్రిలో పని యున్నవారు సముద్రతీరమున ఇల్లు తీసికొన్నచో పోవుటకే 20 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. కింగ్ జార్జి ఆసుపత్రిలో పని యున్నవారికి మహారాణిపేట, జగదాంబ కూడలి ప్రాంతములు అనుకూలములు. బస్సులపై తిరుగువారికి ఆర్టీసీ కాంప్లెక్సు గల ద్వారకానగరము, ఆసీలుమెట్ట సౌకర్యముగా నుండును. ఊరు చూడ వచ్చినవారికి పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎం.వి.పి. కాలనీలు తీరమునకును, అంగళ్ళకును చేరువ. ప్రకటనలో ‘తీరమునకు దగ్గర’ అని యున్నచో, ఆ తీరము రామకృష్ణా బీచియో, ఋషికొండయో, భీమిలియో ముందుగా తెలిసికొనవలెను.

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని సామెత. అద్దె ఇంటి విషయమున వంటగదిని చూచి ఇంటిని చూడుమని మేము చెప్పుదుము. ‘వంటగది కలదు’ అను మాటకు అర్థములు పెక్కు. కొన్ని యిండ్లలో టీ కాచుకొను కెటిలు మాత్రమే యుండును. కావున పొయ్యి, కుక్కరు, పెనము, నాలుగు గిన్నెలు, కత్తిపీట లేక చాకు, ఫ్రిజ్, నీటిని శుద్ధిచేయు యంత్రము, ఇందులో ఏవి కలవో ఒక్కొక్కటిగా అడుగవలెను. ఎన్నవ అంతస్తు? లిఫ్టు కలదా? కరెంటు పోయినపుడు జనరేటరు లిఫ్టునకు కూడ పనిచేయునా? మోకాళ్ళ నొప్పులు గల పెద్దవారికి ఇవి చిన్న ప్రశ్నలు కావు. చేపలు, మాంసము వండుకొనవచ్చునా అని కూడ అడుగుట మంచిది. కొందరు యజమానులు అందుకు సమ్మతింపరు.

పొయ్యిని గూర్చి ఒక మాట. గృహావసరములకిచ్చు 14.2 కిలోల గ్యాసు సిలిండరును వ్యాపారమునకు వాడరాదు. వ్యాపారమునకు 19 కిలోల సిలిండరు వేరుగా కలదు. అందుచే కొన్ని విడిదులలో ఇండక్షను పొయ్యిలే యుండును. ఆ పొయ్యి తాను నిప్పు పుట్టింపదు. మారుచుండు అయస్కాంత క్షేత్రముచే పాత్ర అడుగునే వేడెక్కించును. కావున అడుగునకు అయస్కాంతము అంటుకొను పాత్రలే దానిపై పనికివచ్చును. ఇంటినుండి తెచ్చుకొన్న ఇత్తడి గిన్నె గాని, మామూలు అల్యూమినియము కుక్కరు గాని వేడెక్కదు. గ్యాసు పొయ్యి యున్నచో దిగిన వెంటనే రబ్బరు గొట్టము పగుళ్ళు లేకుండ నున్నదేమో చూచి, రాత్రి రెగ్యులేటరు కట్టివేయుట అలవాటు చేసికొనవలెను. ఈ గ్యాసు గాలికంటె బరువైనది; కారినచో నేలబారున నిలుచును. వాసన తగిలినచో స్విచ్చి వేయరాదు, తీయరాదు. తలుపులు, కిటికీలు తెరచి, వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను.

నీటి సంగతి. మేహాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు మున్నగు జలాధారములనుండి నగరమునకు నీరు వచ్చును. అపార్టుమెంటులలో అది నేలతొట్టిలో నిండి, మోటారు ద్వారా మేడపై తొట్టికి చేరి, కుళాయిలోనికి దిగును. కొన్నిచోట్ల బోరునీరు కూడ అందులో కలియును. కావున కుళాయి నీరు స్నానమునకు, గిన్నెలు కడుగుటకు సరిపోయినను, త్రాగుటకు కాచి చల్లార్చిన నీరు గాని, శుద్ధిచేసిన 20 లీటర్ల క్యాను నీరు గాని వాడుట క్షేమము. రోగి యున్న ఇంట ఈ నియమము సడలింపరాదు.

సరకుల కొరకు దూరము పోనక్కరలేదు. రైతు తన పంటను నేరుగా అమ్ముకొను రైతుబజారు పథకము రాష్ట్రమున 1999 జనవరి 26న ఆరంభమైనది. విశాఖలో ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార రైతుబజారులు ప్రసిద్ధములు. ధరలు పలకపై వ్రాసియుండును గనుక ఊరికి కొత్తవారు బేరమునకు వెరవనక్కరలేదు. పాతపట్టణము వైపున పూర్ణా మార్కెట్టు కలదు. చేపలు తినువారు వంజరము, చందువ, రొయ్యల కొరకు చేపలరేవు ప్రాంతమునకు పోవుదురు. అయితే తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మర పడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధిపొందుటకై ఈ 61 దినములు విడిచిరి. ఆ రోజులలో చేప దొరకుట తక్కువ, ధర ఎక్కువ. కొలది దినముల బసకు బియ్యము, కందిపప్పు, నూనె చిన్న పొట్లములుగా కొనుట మేలు. పోపుదినుసులు, ఉప్పు, చింతపండు, ఊరగాయ ఇంటినుండియే తెచ్చుకొన్నచో మొదటిపూట వంటకు వెదకులాట ఉండదు.

ఖర్చు లెక్క ఎట్లు వేయవలెను? రోజు అద్దెను మాత్రమే చూచి హోటలుతో పోల్చరాదు. శుభ్రము చేయించుటకు ఒకసారి తీసికొను రుసుము, మీటరు ప్రకారము కరెంటు చార్జీ, తిరిగి ఇచ్చు డిపాజిటు, మొదటినాడు కొను సరకులు, వీనినన్నిటిని కలిపి, ఉండు దినములతో భాగింపవలెను. ఒకసారి అగు ఖర్చులు ఒక రాత్రిపై పడినచో భారము. పది రాత్రులపై పరచినచో తేలిక. కావున ఒంటరిగా ఒకటి రెండు రోజులకు వచ్చినవారికి లాడ్జియే లాభము. నలుగురు గల కుటుంబము వారము దినములకు వచ్చినచో వంటగది గల ఇల్లే సాధారణముగా లాభించును. వంట, గిన్నెల శుభ్రము ఎవరి పని అనునది కూడ బయలుదేరుటకు ముందే ఇంటిలో తేల్చుకొనవలెను. యాత్రకు వచ్చి కూడ ఇల్లాలు పొయ్యి వద్దనే నిలువవలసివచ్చినచో ఆ లాభములో న్యాయము లేదు.

డబ్బు పంపుటకు ముందు జాగరూకత అవసరము. చక్కని చిత్రములు చూపి, ఇంటిని చూడకముందే మొత్తము సొమ్ము పంపుమని తొందరపెట్టువారిని నమ్మరాదు. వీధి పేరు, భవనము పేరు అడిగి, సాధ్యమైనచో ఊరిలోని తెలిసినవారిచే చూపించుకొనవలెను. మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు తెలియజేయవలెను. గుర్తింపు పత్రము చూపుట న్యాయమే గాని, ఆధారు ప్రతి ఇచ్చునపుడు చివరి 4 అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ఇచ్చుట మంచిది. విదేశీ పౌరులు బస చేసినచో ఆ సంగతిని 24 గంటలలోగా అధికారులకు తెలుపుట బస ఇచ్చినవాని విధి. విదేశములలో స్థిరపడి అచటి పౌరసత్వము పొందిన మన బంధువులు ఈ సంగతి గుర్తుంచుకొని, పాసుపోర్టు, వీసా పత్రములు సిద్ధముగా నుంచుకొనవలెను.

ఇరుగుపొరుగుల విషయము అన్నింటికంటె సున్నితమైనది. అపార్టుమెంటులో మెట్లు, లిఫ్టు, నీటితొట్టి అందరి ఉమ్మడి సొత్తు. వీని నిర్వహణకు నివాసుల సంఘముండును; రాష్ట్రమున 1987లోనే అపార్టుమెంటుల చట్టము వచ్చినది. కేంద్ర పర్యాటక శాఖవారి అతిథిగృహ పథకమున 1 మొదలు 6 గదుల వరకు ఇయ్యవచ్చును గాని, యజమాని కుటుంబము ఆ ఇంటనే నివసింపవలెను. యజమాని లేని ఇల్లు వారమునకొక కొత్త కుటుంబమునకు ఇచ్చినచో ప్రక్కవాటాలోని పెద్దమనిషికి తలుపు ఎదుట నున్నది ఎవరో తెలియని స్థితి ఏర్పడును. అట్టి యిండ్లు పెరిగినకొలది ఊరివారికి స్థిరమైన అద్దె ఇల్లు దొరకుట కూడ కష్టమగును. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి, ఇంటివాడు కూడ ఉండిననే గాని 30 దినములకు తక్కువ బస ఇయ్యరాదను నియమమును గట్టిగా అమలుపరచుచున్నది. స్పెయిను దేశపు బార్సిలోనా నగరము 2028 నాటికి పర్యాటక ఫ్లాట్ల అనుమతులన్నింటిని ముగింపనున్నట్లు 2024లో ప్రకటించినది. మన నగరమునకు అట్టి కలహము రాకుండ నుండవలెనన్నచో, సంఘము సమ్మతి గల ఇంటినే ఎన్నుకొనుట, రాత్రి 10 గంటల తరువాత రేడియో, టెలివిజను ధ్వని తగ్గించుట, తడిచెత్తను పొడిచెత్తను వేరుచేసి ఇచ్చుట, కాపలాదారుతో మర్యాదగా మాటాడుట అతిథి వంతు.

తీరపు ఊరిలో గాలిని, నీటిని తక్కువగా చూడరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినపుడు నగరమున కరెంటు, నీరు, ఫోను కొన్ని దినములు స్తంభించినవి. అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చువారు రేడియోలో వాతావరణ సూచనలు వినుచు, టార్చి లైటు, రెండు దినములకు సరిపడు త్రాగునీరు, మందులు దగ్గర నుంచుకొనవలెను. సముద్రము ఇంటి ముంగిట నున్నదని పిల్లలను ఒంటరిగా పంపరాదు. ఈ తీరమున అలల వెనుక లాగు బలమైనది. ఈతగాండ్రు సైతము ప్రాణములు కోల్పోయిరి. హెచ్చరిక పలకలు ఉన్నచోట నీటిలో దిగకుండుటయే తెలివి.

ఇల్లు విడుచునాడు గ్యాసు కట్టి, మిగిలిన బియ్యము పప్పులను కాపలాదారుని కుటుంబమునకో, ప్రక్క గదిలోని మరియొక రోగి బంధువులకో ఇచ్చి, మీటరు అంకె వ్రాసికొని, డిపాజిటు లెక్క అప్పుడే చూచుకొని తాళము అప్పగింపవలెను. తరువాత వచ్చువారు కూడ మనవలె బరువుతోనో, ఆశతోనో ఈ ఊరు చేరువారే. వారికి శుభ్రమైన పొయ్యి, ఆదరముతో పలుకరించు పొరుగు మిగిల్చి పోవుట మన చేతిలోని పని.