పొర కాదు, నీటికాసులు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల మన ఇండ్లలో పెద్దవారికి చూపు మందగిస్తే మొదట వినవచ్చే మాట "పొర వచ్చింది" అన్నది. "అవ్వా, ఆస్పత్రికి పోదాం రా" అని మనుమడు పిలిస్తే, "ముదరనీ నాయనా, సంక్రాంతి పోనీ" అని అవ్వ జవాబు. అందులో ఆమె తప్పేమీ లేదు. 1940ల నుంచి డాక్టర్ ఎం. సి. మోదీగారు ఊరూరా శిబిరాలు పెట్టి, ఒక్కొక్క రోజున వందల శుక్లాలు తీసిన కాలంలో మన పెద్దలు నేర్చిన పాఠం అది. పొర ముదిరితే తీస్తారు, తీస్తే చూపు వస్తుంది. ఇప్పుడు శుక్లానికైనా ముదిరేదాకా ఆగనక్కరలేదు, అది వేరే సంగతి.

అయితే ఆగడమంటే చూపును వదులుకోవడమే అయిన జబ్బు మరొకటి ఉన్నది. డాక్టర్లు గ్లాకోమా అంటారు, తెలుగులో నీటికాసులు. దీనితో పోయిన చూపును ఏ వైద్యుడూ తిరిగి తేలేడు. మిగిలినదాన్ని నిలుపగలడు, అంతే.

కంటి ముందుభాగాన ఒక తేటనీరు నిత్యం ఊరుతూ, సన్నని దారులగుండా బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. చెరువులను నమ్ముకొన్న సీమ మనది గనుక ఇట్లా చెప్తాము: నీరు వస్తూనే ఉండి తూము పూడిపోతే బరువు కట్టమీద పడుతుంది. కంటిలో ఆ ఒత్తిడికి దెబ్బతినేది వెనకనున్న చూపునరం. సుమారు 12 లక్షల పోగుల నరం అది. ఆ పోగులు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. మొదట పోయేది ప్రక్కచూపు. పంచాంగంలో సన్న అక్షరాలు చదివే తాతగారే వాకిట కట్టిన దూడను తట్టుకొని పడతారు. ఇంట్లోవారు "వయసు మీదపడింది" అంటారు. ఒక కంటి లోటును రెండో కన్ను కప్పుతుంది గనుక ఆయనకూ తెలియదు.

1990ల చివర ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదు నగరంలో పరీక్షలు జరిపినప్పుడు, ఈ జబ్బు బయటపడినవారిలో పదింట తొమ్మిదిమందికి తమకది ఉన్నట్టే అంతవరకు తెలియదు. పెద్ద ఆస్పత్రులున్న నగరం సంగతే అది.

నలభై దాటినవారు అందరూ ఒకసారి చూపించుకోవాలి. ఇంట్లో ఒకరికి ఉన్నదని తేలితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పిల్లలూ వెంటనే చూపించుకోవాలి. మరొక మాట. తోట దుమ్ముకో, పట్టుపురుగుల షెడ్డులోనో కళ్ళు దురదపెడితే మందుల అంగడిలో అడిగి తెచ్చుకొనే చుక్కల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే హాయిగా ఉంటుంది. నెలల తరబడి వేసుకొంటే కొందరికి కంటి ఒత్తిడి పెంచి ఇదే జబ్బు తెస్తుంది. చీటీ లేకుండా ఆ మందు కొనడం మానాలి.

మేనరికాలు మనలో మామూలే గనుక ఇదీ చెప్పాలి: ఇది పుట్టుకతోనే పసివారికి రావచ్చు, దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. కళ్ళు మరీ పెద్దవిగా ఉండి, నీరు కారుతూ, బిడ్డ వెలుతురు చూడలేకపోతే "ఎంత చక్కని కళ్ళో" అని మురిసిపోయి ఊరుకోరాదు. ఆలస్యం చేయకుండా ఆపరేషను కావాలి.

ఒక రకం మాత్రం కేకపెట్టి వస్తుంది. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. దాన్ని పైత్యమని మిరియాల కషాయం పోసి పడుకోబెడితే ఆ కన్ను దక్కకపోవచ్చు. ఆ పూటే ఆస్పత్రి చేరాలి.

పరీక్షకు కోత లేదు. కంటి ఒత్తిడి కొలుస్తారు. 10 నుంచి 21 దాకా మామూలు. ఆ లెక్క ఒక్కటే చాలదు, ఒత్తిడి మామూలుగా ఉండీ నరం దెబ్బతిన్నవారున్నారు. నరాన్ని చూడమనీ, ప్రక్కచూపు పరీక్ష చేయమనీ మనమే అడగాలి. బెంగుళూరులో 1896లో మొదలైన మింటో ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉన్నది. మన ఊళ్ళ నుంచి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం.

వైద్యం సాధారణంగా చుక్కలతో మొదలు. చాలకపోతే లేజరు, ఆపరేషను. చిక్కల్లా చుక్కలతోనే. వేసుకొంటే చూపు మెరుగైనట్టు తోచదు, మానితే వెంటనే తగ్గినట్టూ తోచదు. అందుకే రెండు సీసాలు కాగానే చాలామంది మానేస్తారు. బీపీ మాత్రలాగే ఇదీ జీవితాంతం. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొనను రెండు నిమిషాలు వేలితో అదిమిపెట్టాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుగారికి చెప్పాలి. ఈ మందుల్లో కొన్ని ఆయాసాన్ని పెంచుతాయి.