శీతకాలమున కాయగూరల ఉలవకట్టు

ఇబ్రహీంపట్నము ప్రాంతపు రైతు సోదరులకు కాయగూరలు పండించు విద్యను మేము క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. కుతుబ్‌షాహీల కాలమునాటి పెద్దచెరువు చుట్టుపట్లను, బావుల క్రిందను, బోరుల క్రిందను పండిన టమాట, చిక్కుడు, సొరకాయ తెల్లవారకమునుపే పట్నపు అంగళ్లకు తరలిపోవును. అయినను పుష్యమాసపు చలిలో ఆ తోటలవారి ఇండ్లలోనే పిల్లలు జొన్నరొట్టెను ఎల్లిపాయకారముతో తినుచుండుట మేము పలుమారు చూచితిమి. మేలైన కాయ బేరమునకు, వంకరకాయ పశువులకు పోవును. ధర పడిన దినమున పెట్టెలకొలది టమాటను దారిప్రక్క పారబోయుదురు గాని, నాలుగు కాయలు ఇంటికి తెచ్చువారు అరుదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ననుసరించి, పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కాయగూరలు వలయును. ఇంత మొత్తమును కూరగా వండుటకు నూనె ఖర్చు. కట్టుగా కాచినచో సులభము.

చలకలలో వానకాలము చివర చల్లిన ఉలవలు ఈ దినములలోనే కళ్లమునకు వచ్చును. పూర్వము ఉలవలు ఉడికించి, గింజను ఎద్దులకు పెట్టి, నీటితో ఇంటివారు చారు కాచుకొనెడివారు. చారు రుచియైనదే, కాని బలములో పెద్దపాలు ఎద్దుకే పోయెడిది! నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు గలవు. అరకకు బదులు ట్రాక్టరు వచ్చిన యిండ్లలో గింజను గూడ మనుష్యులే తినవచ్చును గదా.

ఐదుగురికి 150 గ్రాముల ఉలవలను రాత్రి నానవేసి, ఉదయము రెండున్నర లీటర్ల నీటితో మెత్తగా ఉడికింపవలెను. కుక్కరున్నచో కట్టెలు కలిసివచ్చును. గింజ మెత్తబడకముందు చింతపండుగాని టమాటగాని వేయరాదు. పులుపు తగిలిన గింజ ఎంత కాచినను బిరుసుగానే యుండును. సగము గింజలను రోట రుబ్బి మరల అందే కలుపవలెను. కాయగూరలన్నియు కలిసి కిలో చాలును. మొదట ముల్లంగి, క్యారెట్, చిక్కుడుగింజలు, అవి సగ ముడికిన పిమ్మట సొరకాయముక్కలు, తరువాత టమాట, దింపబోవునప్పుడు పాలకూర. ఆకును ముందే వేసి మరిగించిన సి విటమిను నశించును. రెండు చెంచాల జొన్నపిండిని చన్నీటిలో కలిపి పోసినచో కట్టు చిక్కబడును. వేడినీటిలో కలిపిన ఉండలు కట్టును. పల్లీనూనెలో జీలకర్ర, ఎల్లిపాయ, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెట్టి, దింపిన పిమ్మట నిమ్మకాయ పిండవలెను. ఉలవలలోని ఇనుము ఒంటబట్టుటకు ఈ పులుపు తోడ్పడును.

ఇట్లు కాచిన కట్టు ఒక్కొక్కరికి 200 గ్రాముల కాయగూరల నిచ్చును, అనగా దినమునకు వలసినదానిలో సగము.

వంకరకాయ, చిన్నకాయ దీనికి పనికివచ్చును, కుళ్లినది పనికిరాదు. మందు కొట్టిన తోటలో డబ్బాపై వ్రాసిన గడువు దినములు నిండనిదే ఇంటికైనను కాయ కోయరాదు. మిగిలిన కట్టును మరునాడు బాగుగా పొంగునట్లు కాచి, అప్పుడు మరల కొంచెము నిమ్మరసము పిండుకొనవలెను.