కదలని మరమేకులు

పడవమోటారు సంగతి మనకేలయని పుట త్రిప్పివేయకుడు. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఓలె ఎవిన్రూడ్ 1909లో పడవ వెనుక తగిలించు మోటారును రూపొందింపగా, ఆ వ్యాపారమును నడిపి నిలిపినది ఆతని భార్య బెస్.

నాగాయలంకలో మా పిన్నిగారి యింట అట్టి పాత మోటారొకటి కలదు. పెదపారుపూడినుండి మేము సెలవులకు వెళ్లినపుడెల్ల ఆ పడవమీదనే కృష్ణ దాటి లంకపొలమునకు పోవుచుందుము. గత వేసవిలో అది నట్టేట వేడెక్కి ఆగిపోయినది. పడవలో పసివారిరువురుండిరి. బాబాయిగారు తెడ్డువేసి ఒడ్డు చేర్చువరకు నా ప్రాణములు నాలో లేవు.

నీటిని తోడి యంత్రమును చల్లబరచు రబ్బరుచక్రము అరిగిపోవుటయే కారణము. దానిని మార్చుట ఏండ్లతరబడి వాయిదాపడినది. మూతను బిగించిన నాలుగు మరమేకులును కదలకుండుటయే హేతువు. మోటారు ఒడలు అల్యూమినియము, మరమేకులు ఉక్కు. ఉప్పునీట భిన్నలోహములు కూడియున్నచో స్వల్పవిద్యుత్తు పుట్టి అల్యూమినియము క్షయించును. అందు పుట్టిన తెల్లనిపొడి మరల సందులలో గట్టిపడి మేకును పట్టివేయును.

బాబాయిగారు తొందరపడి త్రిప్పగా ఒకదాని తల తెగినది. "మొదటనే దండోపాయమా?" అని పిన్నిగారు నవ్వి, తక్కినవానిని తమ చేతికి తీసికొనిరి.

మొదటిది సామము. గాడిలోని మురికి తీసి, తుప్పును వదలించు పలుచని నూనె పోసి, రెండు రాత్రులు ఊరకుండవలెను. రెండవది దానము, అనగా వేడినిచ్చుట. ఒకే వేడికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. బిగిసిన సీసామూతను మనము వేడినీట ముంచుట లేదా? పిన్నిగారును కాగిననీరే పోసిరి. పెట్రోలు తొట్టిని దూరముగా పెట్టవలెను, మంట చూపనేరాదు. మూడవది భేదము. సుత్తితో తలపై మెల్లగా తట్టి, గాడికి సరిగా అమరు స్క్రూడ్రైవరుతో ముందు బిగించువైపు రవంత, పిదప విప్పువైపు రవంత త్రిప్పవలెను. మూడవనాటికి మూడును వెలువడినవి.

తల తెగినదానికి మాత్రము దండమే గతియైనది. అవనిగడ్డ మెకానిక్కు దాని నడిమధ్యను గురుతుపెట్టి, సన్నని బరమాతో తొలిచి, ఎడమ మరగల పనిముట్టును దిగగొట్టి త్రిప్పి తీసెను. లోపలి మరలు చెడియున్నచో రంధ్రమును పెద్దదిచేసి, క్రొత్త మరకోసి, ఉక్కుతీగ చుట్టను కూర్చవలసివచ్చెడిది.

క్రొత్తవానిని కొనునపుడు పాతదానిని వెంటగొనిపోవుడు. పాత అమెరికా మోటార్ల మరలు అంగుళముల కొలత, జపాను మోటార్లవి మిల్లీమీటర్ల కొలత; కంటికి ఒకటిగా తోచినను, బలవంతముగ బిగించిన రంధ్రము చెడును. స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. అదియు అల్యూమినియమున పట్టుకొనును గనుక, నీటికి కరగని గ్రీజు పూసియే బిగింపవలెను. పంకా తెగుడుపిన్నుకు బదులు మాత్రము గట్టి మేకు కొట్టరాదు. పంకా దేనికైన తగిలినపుడు ఆ మెత్తనిపిన్ను తాను తెగి లోపలి పండ్లచక్రములను కాపాడును.

ఇపుడు పిన్నిగారు సంక్రాంతికి ఇల్లు కడిగించునపుడే ఆ నాలుగు మరమేకులను విప్పించి, గ్రీజు పూయించి, తిరిగి బిగింపించుచున్నారు. మొన్న పండుగకు పిల్లలతో మరల కృష్ణ దాటితిమి. మోటారు ప్రక్కనుండి నీటిధార ఎడతెగక పడుచుండుట చూచుచు, ఈసారి నేను నిశ్చింతగా కూర్చుంటిని.