వికీ పుటలు - పఠనాధికారము

మన యనంతపురసీమలో వర్షము స్వల్పము. చెఱువునీటిని పంచుటకై పూర్వము గ్రామములందు నీరుగంటి యుండెడివాడు. అతడు ప్రతి మడికిని పెద్దల యనుమతి వేడబోవక, ముందేర్పడిన వంతులను బట్టి నీరు విడిచెడివాడు. వికీ పుటలను జదువు నధికారమును నిర్వహించుటకును ఇట్టి యేర్పాటే కావలయును.

వికీ యనగా ననేకులు కూడి వ్రాసి దిద్దుకొను పుటల సముదాయము. వార్డ్ కన్నింగ్‌హామ్ దీనిని 1995లో మొదట నెలకొల్పెను. 2003 డిసెంబరులో నారంభమైన తెలుగు వికీపీడియాలోని వ్యాసములను ఎల్లరును జదువవచ్చును. దానిని నడుపు మీడియావికీ యను సాఫ్ట్‌వేరు బహిరంగపఠనమునకై నిర్మింపబడినది. పుటపుటకును వేఱుగా తాళము వేయుట దాని స్వభావము గాదు.

ఒక పాఠశాల వికీని పెట్టుకొన్నదనుకొందము. పాఠము లందఱికిని చెందును. కాని కఱవుచేత జీతము మాఫీ పొందిన బాలుర పట్టిక తోడి బాలుర కంటబడరాదు. ఒక యింటి లేమి పదుగురి నోట బడినచో ఆ బాలుడు బడి మానినను మానును.

ఇందులకు మూడు సూత్రములు గలవు. మొదటిది, అధికారమును వ్యక్తికి గాక వర్గమున కొసగుట. 400 మంది చదువరులకు 500 పుటలపై విడివిడిగా నిర్ణయించినచో 2,00,000 నిర్ణయములగును. చదువరులను 4 వర్గములుగను, పుటలను 5 తరగతులుగను విభజించినచో 20 చాలును. రెండవది, చదువరి ప్రవేశించినపుడే యతని వర్గమును గుర్తించి జ్ఞాపకముంచుకొనుట. వర్గము మాఱినచో ఆ జ్ఞాపకమును వెంటనే తుడిచివేయవలెను. మూడవది, పట్టిక కూర్చునపుడు అన్ని పుటలను దెచ్చి పిదప నేఱుటకు మాఱుగా, అనుమతిగల పుటలనే వెదకి తెచ్చుట.

అయినను కట్ట యెంత గట్టిదైనను గండి యొక్కటి చాలును. పుటను మూసినను, వెదకుడు ఫలితములందును, ఇటీవలి మార్పుల పట్టికయందును దాని పేరు పొడకట్టవచ్చును. దానిని వేఱొక పుటలో నిమిడ్చినచో విషయమంతయు బయటపడవచ్చును. ఎక్కించిన చిత్రములకును వేఱుగా కావలి యుండవలెను.

కావున రహస్యపుటలను ప్రత్యేకమైన మఱియొక వికీలో నుంచుటయే యుత్తమమని మా యభిప్రాయము. అప్పుడు బహిరంగవికీకి పరీక్షయే యక్కఱలేదు. మూసిన వికీకి వాకిట నొక్క పరీక్ష చాలును. విద్య యందఱికిని దొరకవలెను. పేదవాని గౌరవమును నిలువవలెను. ఈ రెంటిని వేఱు గదులలో నుంచినపుడే రెండును క్షేమముగ నుండును.