సెయింట్ విగ్రహం మీద బతికున్న పాములు.. ఇటలీ పల్లెలో ఏటా మే 1న వింత జాతర.. అసలు కథ ఇదే!

పాము కనిపిస్తే ఎవరైనా ఆమడ దూరం పరిగెడతారు. కానీ ఇటలీలోని ఓ కొండ పల్లెలో ఏటా మే 1న ఎటు చూసినా పాములే. పిల్లలు కూడా భయం లేకుండా వాటిని చేతుల్లోకి తీసుకుంటారు. ఊరి సెయింట్ విగ్రహం మీద బతికున్న పాములను దండల్లా వేసి వీధుల్లో ఊరేగిస్తారు. ఆ ఊరి పేరు కొకుల్లో. ఈ జాతరను అక్కడివాళ్లు ‘సెర్పారి’ పండుగ అంటారు. సెర్పారి అంటే పాములు పట్టేవాళ్లు.

ఎక్కడుందీ ఊరు?

మధ్య ఇటలీలో కొండలు, అడవులతో నిండిన అబ్రుజ్జో ప్రాంతంలో ఉంది కొకుల్లో. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఊళ్లో ఉండేది 200 మందికి కాస్త అటూ ఇటూగా. పని కోసం చాలా కుటుంబాలు ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయాయి. కానీ పండుగ రోజు సీన్ మొత్తం మారిపోతుంది. ఇరుకు సందుల్లో వేల మంది జనం కిక్కిరిసిపోతారు.

సెయింట్‌కీ, పాములకీ ఏంటి సంబంధం?

ఈ పండుగ శాన్ డొమెనికో పేరు మీద జరుగుతుంది. 951లో ఫోలిన్యోలో పుట్టి, 1031లో సోరాలో కన్నుమూసిన క్రైస్తవ సన్యాసి ఆయన. పాము కాటు నుంచి, పంటి నొప్పి నుంచి కాపాడతాడని ఇక్కడి జనం నమ్మకం. ఆయన పన్ను ఒకటి, ఆయన ఎక్కి తిరిగిన కంచరగాడిద నాడా ఒకటి ఈ ఊళ్లోనే ఉన్నాయని చెబుతారు. అందుకే పండుగ రోజు భక్తులు చర్చిలో గంట తాడును పళ్లతో పట్టుకుని లాగుతారు. అలా గంట కొడితే ఏడాదంతా పంటి నొప్పి రాదట! విగ్రహం వెనుక ఉన్న మట్టిని కొంచెం ఇంటికి తీసుకెళ్లి పొలాల్లో చల్లుకునేవాళ్లూ ఉన్నారు.

అయితే పాముల కథ సెయింట్ కన్నా పాతది. రోమన్ల కాలంలో ఈ ప్రాంతంలో మార్సీ అనే తెగ ఉండేది. వాళ్లు పాములను ఆడించగలరని, విషానికి విరుగుడు తెలుసని రోమన్ రచయితలు రాశారు. వాళ్లు కొలిచిన దేవత పేరు ఆంజిట్సియా. ఆ పాత నమ్మకమే తర్వాత సెయింట్ పేరుతో కొనసాగిందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. పొలాల్లో, గొర్రెల మందల వెంట తిరిగే జనానికి పాము కాటు రోజూ ఉండే భయమే కదా!

పాములు కరవవా?

కరవొచ్చు. కానీ విషం ఉండదు. పండుగలో కనిపించేవన్నీ విషం లేని జాతులే. వాటిలో స్టార్ ‘చెర్వోనె’. ఒంటి మీద నాలుగు నల్లటి చారలుండే ఈ పాము యూరప్‌లోని పెద్ద పాముల్లో ఒకటి. స్వభావం మాత్రం చాలా నెమ్మది. అయితే ఇవే కొండల్లో విషమున్న రక్తపింజరి జాతి పాము కూడా తిరుగుతుంది. ఏది ఏదో చూడగానే గుర్తుపట్టడమే సెర్పారి అసలు నైపుణ్యం. ఇది పుస్తకాల్లో నేర్చుకునేది కాదు, పెద్దల వెంట కొండలెక్కి నేర్చుకునేది.

మార్చి చివర్లో మంచు కరిగి, శీతాకాలపు నిద్ర నుంచి లేచిన పాములు ఎండ కోసం బయటకు వస్తాయి. వేట మొదలయ్యేది అప్పుడే. పట్టిన పాములను పండుగ దాకా ఇళ్లలో పెట్టెల్లో జాగ్రత్తగా ఉంచుతారు.

పండుగ రోజు ఏం జరుగుతుంది?

ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం వేళ విగ్రహం చర్చి బయటకు వస్తుంది. సెర్పారి ఒక్కొక్కరే వచ్చి తమ పాములను సెయింట్ భుజాల మీద వేస్తారు. పాములు తల చుట్టూ చుట్టుకుంటే శుభమని, కళ్లను కప్పేస్తే మంచిది కాదని ఊళ్లో పెద్దల మాట. సంప్రదాయ దుస్తుల్లో అమ్మాయిలు ‘చాంబెల్లి’ అనే గుండ్రటి రొట్టెల బుట్టలను తలపై పెట్టుకుని ఊరేగింపులో నడుస్తారు. ఒకప్పుడు మే నెల మొదటి గురువారం చేసేవారు. 2012 నుంచి మే 1కి మార్చారు. ఆ రోజు ఇటలీ అంతటా సెలవు కాబట్టి బయట స్థిరపడ్డవాళ్లు కూడా రాగలుగుతున్నారు.

మరి చట్టం ఒప్పుకుంటుందా?

ఇక్కడే ఉంది అసలు చిక్కు. 1992 నాటి యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం చెర్వోనె రక్షిత జాతి. దాన్ని పట్టుకోవడమే నేరం. అంటే పాముల్ని కాపాడే చట్టం వల్ల పాముల పండుగే ఆగిపోయే పరిస్థితి! ఊరు దీనికి ఓ దారి కనిపెట్టింది. ప్రత్యేక అనుమతితో పాములను పడతారు. పట్టిన ప్రతి పామునూ శాస్త్రవేత్తలకు చూపిస్తారు. వాళ్లు పొడవు, బరువు కొలిచి, ఆరోగ్యం పరీక్షించి, ఒంట్లో చిన్న మైక్రోచిప్ పెడతారు. అదే పాము మరో ఏడాది దొరికితే చిప్‌తో గుర్తుపట్టేయొచ్చు. అలా ఏటా జరిగే జాతరే ఆ కొండల్లో పాముల పరిస్థితిని చెప్పే రికార్డుగా మారింది.

2020లో కరోనా లాక్‌డౌన్ కారణంగా ఈ జనసందడి లేకుండా పోయింది. కానీ ఊరిని ఎక్కువగా భయపెడుతున్నది వైరస్ కాదు, తగ్గిపోతున్న జనాభా. కొండలెక్కి పాములు పట్టే కుర్రాళ్లు లేకపోతే చట్టం అనుమతిచ్చినా పండుగ ఉండదు. అందుకే వేరే ఊళ్లలో బతుకుతున్న కొకుల్లో కుటుంబాల పిల్లలు కూడా ఈ విద్య నేర్చుకోవడం ఊరికి అంత ముఖ్యం.

జనం వెళ్లిపోయాక సెర్పారికి ఇంకో పని మిగిలి ఉంటుంది. ఏ పామును ఏ కొండ మీద పట్టారో తిరిగి అక్కడే వదిలిపెట్టాలి. వదిలితేనే వచ్చే ఏడాది మళ్లీ పండుగ!